ఎర్ర బటను నొక్కండి!

మీ ఇంట్లో అటక మీద పాత టేప్ రికార్డరు ఉంటే ఒకసారి కిందికి దింపి, దుమ్ము దులిపి చూడండి. ముందు వరుసలో అయిదారు బటన్లు ఉంటాయి. ఒకటి పాట వినటానికి, ఒకటి ఆపటానికి, రెండు టేపును ముందుకూ వెనక్కూ తిప్పటానికి. వాటి పక్కన ఎర్ర చుక్క పెట్టిన బటను ఇంకొకటి ఉంటుంది. అది మన గొంతును టేపు మీదికి ఎక్కించే బటను. ఈ వ్యాసం ఆ ఎర్ర బటను గురించే.

జేబులో పెట్టుకొని పాటలు వినే పరికరాల చరిత్రను జాగ్రత్తగా చూస్తే, అది ఆ బటను పోవటం, చాలా ఏళ్ల తరువాత మళ్లీ రావటం అనే కథలా కనిపిస్తుంది. తిరిగి వచ్చిన ఆ బటనును మనం, ముఖ్యంగా మీ వయసు వాళ్లు, సరిగా వాడుకోవటం లేదని నా అభిప్రాయం. వాడుకోకపోతే ఏమి నష్టపోతామో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

నాకు ఈ పరికరాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. నా బీరువాలో క్యాసెట్టు ప్లేయర్లు, సీడీ ప్లేయర్లు, అగ్గిపెట్టెంత ఎంపీ3 ప్లేయర్లు వరుసగా పేర్చి ఉంటాయి. నేను ఉండేది హైదరాబాదులో ఫిలింనగర్‌కు దగ్గరలో. అందువల్ల శబ్దాన్ని వినేవాళ్లనే కాక, దాన్ని తయారుచేసేవాళ్లను కూడా చూసే అవకాశం నాకు దొరికింది.

టేపు మీద గొంతు ఎలా నిలుస్తుంది?

సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడి పూస్తే అదే టేపు. మనం మాట్లాడితే గాలిలో కంపనాలు పుడతాయి. మైక్రోఫోను వాటిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు, టేపుకు ఆనుకొని ఉన్న చిన్న విద్యుదయస్కాంతంలోకి పోతుంది. దాని ముందు నుంచి టేపు జరుగుతూ ఉంటే, పొడిలోని రేణువులు ఆ హెచ్చుతగ్గులకు తగినట్లు అయస్కాంతాలుగా మారుతాయి. అదే టేపును మళ్లీ నడిపితే ఈ పని తలకిందులుగా జరుగుతుంది. అయస్కాంతం నుంచి విద్యుత్తు, విద్యుత్తు నుంచి ధ్వని. ఇంతే రహస్యం!

మనకు తెలిసిన చిన్న క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. అందులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. 60 నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు 30 నిమిషాలు. మరి టేపు పొడవు ఎంత ఉండాలి? లెక్క వేయండి. 1,800 సెకన్లను 4.76తో గుణిస్తే 8,568 సెంటీమీటర్లు. అంటే దాదాపు 86 మీటర్లు! ఇంత పొడవైన పట్టీ అరచేతిలో ఇమిడే డబ్బాలో చుట్టుకొని ఉంటుందన్నమాట.

ఆ రోజుల్లో ఎర్ర బటను బాగానే పనిచేసింది. గల్ఫ్ దేశాలకు కూలికి వెళ్లినవారిలో కొందరు ఉత్తరానికి బదులు క్యాసెట్టు పంపేవారు. చదువు రాని తల్లికి కొడుకు ఉత్తరాన్ని ఇంకొకరు చదివి వినిపించనక్కరలేకపోయింది. కొడుకు గొంతే ఇంటికి వచ్చేది. ఆమె కూడా తన మాటలు టేపులో నింపి తిరిగి పంపేది. యంత్రం చెవికీ నోటికీ సమానంగా సాయపడిన కాలం అది.

బటను పోయిన కథ

జపానులోని సోనీ కంపెనీ పత్రికా విలేఖరుల కోసం ప్రెస్‌మ్యాన్ అనే చిన్న రికార్డరును తయారుచేసింది. విమాన ప్రయాణాల్లో సంగీతం వినటానికి అటువంటిది తనకు ఒకటి కావాలని ఆ కంపెనీ స్థాపకులలో ఒకరైన మసరు ఇబుకా అడిగారు. ఇంజనీర్లు ఏం చేశారో తెలుసా? ఆ రికార్డరులో నుంచి రికార్డు చేసే భాగాన్ని తీసివేసి, ఆ స్థానంలో స్టీరియోలో పాట వినిపించే ఏర్పాటు చేశారు. రికార్డు చేయటం రాని టేప్ రికార్డరును ఎవరు కొంటారని కంపెనీలోనే చాలామంది సందేహించారు. 1979 జూలై 1న అది వాక్‌మ్యాన్ అనే పేరుతో జపాను దుకాణాలలోకి వచ్చింది. ధర 33,000 యెన్‌లు. ప్రపంచమంతా ఎగబడి కొన్నది.

ఇంకొక తమాషా. ఆ మొదటి వాక్‌మ్యాన్‌కు ఇద్దరు వినటానికి వీలుగా రెండు హెడ్‌ఫోన్ల రంధ్రాలు ఉండేవి. లోపల చిన్న మైక్రోఫోను కూడా ఉండేది. ఒక మీట నొక్కితే పాట తగ్గి, వింటున్న ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. అయితే ఆ మాటలు టేపు మీదికి ఎక్కవు. మైకు ఉంది, టేపు ఉంది, ఎర్ర బటను మాత్రం లేదు! కొంతకాలానికి ఆ రెండో రంధ్రమూ మైకూ కూడా పోయాయి. ఒక్కడే వినే యంత్రం మిగిలింది.

నేను వాక్‌మ్యాన్‌ను తప్పు పట్టటం లేదు. నడుస్తూ సంగీతం వినటం ఎంత హాయిగా ఉంటుందో నాకు బాగా తెలుసు. కానీ ఒక అలవాటు అక్కడే మొదలైంది. జేబులో ఉండే యంత్రం వినటానికే అన్న అలవాటు. అది ఇప్పటికీ మనల్ని వదలలేదు.

పాట పదకొండో వంతుకు చిక్కిన వైనం

1982లో సీడీ వచ్చింది. ఇక్కడ అయస్కాంతం లేదు, అంకెలే. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 16 బిట్లలో రాస్తారు. స్టీరియో కనుక ఇవి రెండు వరుసలు. 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు, అదీ ఒక్క సెకనుకే. ఈ లెక్కన అయిదు నిమిషాల పాటకు దాదాపు 53 మెగాబైట్లు కావాలి. ఆనాటి కంప్యూటర్లకు ఇది పెద్ద బరువే.

జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు దీనికి ఉపాయం కనిపెట్టారు. ఆ ఉపాయం యంత్రంలో లేదు, మన చెవిలోనే ఉంది. పక్కన డప్పు మోగుతూ ఉంటే చేతి గడియారం టిక్కుటిక్కు మనకు వినిపిస్తుందా? వినిపించదు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని కప్పివేస్తుంది. ఎలాగూ వినిపించని దాన్ని దాచిపెట్టటం ఎందుకు? దానిని వదిలివేస్తే ఎంతో స్థలం మిగులుతుంది. ఈ సూత్రంతో పుట్టినదే ఎంపీ3. సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున రాస్తే అదే పాట 4.8 మెగాబైట్లలో సరిపోతుంది. అంటే సుమారు పదకొండో వంతు. నా దగ్గర ఉన్న ఒక పాత ప్లేయరులో పట్టేది 128 మెగాబైట్లే. అయినా అందులో రెండు గంటల పైచిలుకు పాటలు ఇముడుతాయి.

2001 అక్టోబరు 23న ఆపిల్ కంపెనీ ఐపాడ్‌ను ప్రకటించింది. జేబులో వెయ్యి పాటలు పడతాయని చెప్పారు. కానీ ఆ మొదటి ఐపాడ్‌కు కూడా మైకు లేదు, ఎర్ర బటను లేదు. వెయ్యి పాటలు వినవచ్చు, ఒక్క మాట చెప్పలేము!

బటను తిరిగి వచ్చింది

అప్పుడు కొందరు ఔత్సాహికులకు ఒక ఆలోచన తోచింది. ఇంట్లోని కంప్యూటరు ముందు కూర్చొని మాట్లాడి, ఆ ధ్వనిని ఎంపీ3గా మార్చి, ఇంటర్నెట్టులో పెడితే? వినేవాళ్లు దానిని తమ ప్లేయరులోకి దించుకొంటే? డేవ్ వైనర్, ఆడమ్ కరీ అనే వారు దీనికి చక్కని పద్ధతి ఏర్పరిచారు. మీరు ఈ పత్రికకు చందా కడితే ప్రతి నెలా సంచిక మీ ఇంటికి వస్తుంది కదా! అదే పద్ధతి. మాట్లాడేవారు తమ సంచికల జాబితాను ఒకచోట ఉంచుతారు. వినేవారి కంప్యూటరు అప్పుడప్పుడు ఆ జాబితాను చూసి, కొత్త సంచిక కనిపిస్తే తనంతట తానే తెచ్చుకొంటుంది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలను కలిపి బ్రిటిషు విలేఖరి బెన్ హామర్‌స్లీ 2004 ఫిబ్రవరిలో రాసిన పాడ్‌కాస్టింగ్ అనే మాటే తరువాత దీనికి పేరుగా నిలిచిపోయింది.

తమాషా చూడండి. పేరు ఇచ్చిన ఐపాడ్ తయారీని 2022లో ఆపివేశారు. పాడ్‌కాస్టు మాత్రం బతికే ఉంది. ఇప్పుడు ప్లేయరూ, రికార్డరూ, తపాలా పెట్టె మూడూ ఒకే సెల్‌ఫోనులో ఉన్నాయి. మీ ఇంట్లోని ఫోనులో రికార్డరు తెరిచి చూడండి. చాలా ఫోన్లలో గుండ్రని ఎర్ర బటను కనిపిస్తుంది. 1979లో జేబులోంచి పోయిన బటను తిరిగి జేబులోకే వచ్చింది!

తెలుగులో దీనిని చక్కగా వాడుకొన్నవారు లేకపోలేదు. 2020లో కరోనా వల్ల సినిమా పనులు నిలిచిపోయిన రోజుల్లో దర్శకుడు పూరి జగన్నాథ్ పూరీ మ్యూజింగ్స్ అనే పేరుతో చిన్న చిన్న ప్రసంగాలు మొదలుపెట్టారు. లక్షల మంది చూసే సినిమాలు తీసే మనిషి, తెర లేకుండా, తారలు లేకుండా, ఒక్క గొంతుతో శ్రోతల ముందుకు వచ్చారు. అమెరికాలో ఉన్న కిరణ్ ప్రభ ఎందరో ప్రముఖుల జీవితాలను గంటల తరబడి కథలా చెబుతూ వేలాది శ్రోతలను సంపాదించుకొన్నారు. ఇవి పెద్దవాళ్ల పనులు. మీ వంతు మాటేమిటి?

ఫిలింనగర్‌లో ధ్వని ఎలా పుడుతుంది?

తెలుగు సినిమా ఒకప్పుడు మద్రాసులో ఉండేది. 1970ల నుంచి 1990ల దాకా మెల్లమెల్లగా హైదరాబాదుకు తరలివచ్చింది. బంజారాహిల్స్‌లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో, ఫిలింనగర్‌లో డి. రామానాయుడు స్టూడియో వెలిశాయి. జూబ్లీహిల్స్ రాళ్ల గుట్టల నడుమ డబ్బింగు థియేటర్లు, రికార్డింగు థియేటర్లు వచ్చాయి. పాత సినిమాల పేర్ల పట్టికలో శబ్దగ్రహణం అనే మాట చూసి ఉంటారు. ఆ పని చేసేవాళ్ల ఊరు ఇప్పుడు ఇదే.

మీరు తెర మీద వినేదంతా షూటింగు జరిగినప్పుడు పట్టిన ధ్వని అనుకొంటున్నారా? చాలా భాగం కాదు. నటుడు తరువాత డబ్బింగు థియేటరులో నిలబడి, తెర మీద తన పెదవులను చూస్తూ, అవే మాటలు మళ్లీ చెబుతాడు. ఒక్కొక్కసారి ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. 1967లో భక్త ప్రహ్లాదలో ప్రహ్లాదుడిగా నటించిన రోజారమణి పెద్దయ్యాక ఎందరో కథానాయికలకు గొంతు ఇచ్చారు. 2009లో వచ్చిన అరుంధతిలో సోనూ సూద్ పాత్రకు మాట ఇచ్చింది పి. రవిశంకర్. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనటం, గాజుల గలగల వంటివి కూడా విడిగా చేసి కలుపుతారు. దీనిని ఫోలీ అంటారు. హాలీవుడ్‌లో ఈ పనికి పేరు తెచ్చిన జాక్ ఫోలీ పేరే దానికి స్థిరపడింది.

ఫిలింనగర్‌కు కూతవేటు దూరంలో ఉన్న కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ ఒక పెద్దాయన ఇటువంటి చప్పుళ్లు చేయటంలో జీవితమంతా గడిపారు. నా పాడ్‌కాస్టు కోసం ఆయనతో రెండు గంటలు మాట్లాడాను. రెండు కొబ్బరి చిప్పలతో గుర్రం నడక వినిపించారు. ఇసుక మీద అయితే ఒకలా, బండ మీద అయితే ఒకలా. చాటలో బియ్యం మెల్లగా జార్చి వాన కురిపించారు.

“అయ్యా, ఇవన్నీ ఎక్కడైనా రాసి పెట్టుకొన్నారా?” అని అడిగాను.

“రాయటమెందుకు బాబూ, చేతికి తెలుసు గదా!” అన్నారు.

ఆ మాట విన్నాక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదంటే నమ్మండి. చేతికి మాత్రమే తెలిసిన విద్య ఆ చేతితోనే పోతుంది. మొట్టమొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి తీశారు. నేడు ఆ సినిమా చూద్దామంటే ప్రతి దొరకదు. కెమెరాలూ మైకులూ ఉన్నవాళ్ల గొంతులే పోయాయంటే, మీ ఊరి కుమ్మరి గొంతు, మీ అమ్మమ్మ చెప్పే కథ, చెరువు తూము గురించి ఒక్కడికే తెలిసిన నీరుగట్టి మాట నిలుస్తాయా? ఎవరో ఒకరు ఎర్ర బటను నొక్కితేనే నిలుస్తాయి.

“ఎవరు వింటారు?” అని అడిగేవారికి

నేను ఈ మాట చెప్పినప్పుడల్లా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటిది, “మా మాటలు ఎవరు వింటారు?” అని. ఈ రోజు పదిమందే వినవచ్చు. కానీ ధ్వనిని నిలపటం ఈ రోజు కోసమే కాదు. ముప్పై ఏళ్ల తరువాత మీ పిల్లలు వింటారు. అప్పుడు మీ అమ్మమ్మ గొంతు ముందు ఏ సినిమా పాటా నిలవదు.

రెండోది, “మాకు స్టూడియో ఏదీ?” అని. మీ ఇల్లే స్టూడియో. డబ్బింగు థియేటరు గోడలకు మెత్తని పొరలు ఎందుకు ఉంటాయి? ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఖాళీ గదిలో గట్టి గోడలకు తగిలి తిరిగి వచ్చి మాట మీద మాట పడుతుంది. గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. ఖంగుమంటే ఆ గది పనికిరాదు. పరుపులు, దుప్పట్లు, బట్టల దండెం ఉన్న గదిలోకి వెళ్లి మళ్లీ కొట్టండి. తేడా మీకే తెలుస్తుంది. ఫ్యాను ఆపండి. ఫోనును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోండి. ఈ దూరం ముఖ్యం సుమా! దూరం రెట్టింపు చేస్తే ఫోనుకు నేరుగా అందే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గది చప్పుడు మాత్రం తగ్గదు. ఈ నాలుగు జాగ్రత్తలూ తీసుకొంటే మామూలు ఫోనులోనే వినదగిన రికార్డింగు వస్తుంది. నేను చేసి చూసి చెబుతున్నాను.

మూడోది కొత్త ప్రశ్న. “ఇప్పుడు కంప్యూటరే మనిషి గొంతును పుట్టిస్తోంది కదా, ఇక మనం మాట్లాడటం ఎందుకు?” అని. నా దృష్టిలో అందువల్లనే మాట్లాడాలి. పుట్టించిన గొంతులు పెరిగేకొద్దీ, నిజంగా ఒక మనిషి ఒకచోట కూర్చొని చెప్పిన మాటకు విలువ పెరుగుతుంది. అయితే అది నిజమని తెలియాలి. కాబట్టి ప్రతి రికార్డింగు మొదట్లో తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు చెప్పండి. చెప్పేవారి అనుమతి లేకుండా ఎర్ర బటను నొక్కకండి. విన్నాక వద్దంటే చెరిపివేయండి. చిరునామాలు, ఫోను నంబర్లు అందులో రానీయకండి. పదిమందికీ వినిపించే ముందు ఇంట్లో పెద్దవారికో, ఉపాధ్యాయుడికో చెప్పండి. సినిమా పాటలను వెనక కలపకండి. అవి ఇంకొకరి సొత్తు.

చెవుల మాట కూడా

మాట్లాడమన్నాను కదా అని వినటం మానమనటం లేదు. బాగా విననివాడు బాగా చెప్పలేడు. అయితే చెవులను కాపాడుకొంటేనే అది సాధ్యం. పిల్లలకు 75 డెసిబెల్ల ధ్వని వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెల్లు పెరిగితే ఆ సమయం సగమవుతుంది. 78 వద్ద 20 గంటలు, 81 వద్ద 10 గంటలు. ఇలా లెక్క వేసుకొంటూ పోతే 90 డెసిబెల్ల వద్ద వారానికి గంటంబావు మాత్రమే! లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. ఇక రోడ్డు దాటేటప్పుడు ఇయర్‌ఫోన్లు తీసివేయాలని వేరే చెప్పాలా?

శబ్ద పత్రిక పెట్టండి

మీ బడిలో గోడ పత్రిక ఉండే ఉంటుంది. దాని పక్కన ఒక శబ్ద పత్రిక ఎందుకు ఉండకూడదు? నెలకు ఒక సంచిక, పది నిమిషాలు చాలు. మాటలకు సెకనుకు 64,000 బిట్లు సరిపోతాయి. అంటే పది నిమిషాల సంచికకు 4.8 మెగాబైట్లు, పైన మనం లెక్క వేసిన ఒక్క పాటంత. ఒకరు ప్రశ్నలు రాయండి, ఒకరు అడగండి, ఒకరు ఫోను పట్టుకోండి, ఒకరు అనవసరమైన భాగాలు కత్తిరించండి. శబ్దగ్రహణం అని మీ పేర్లు కూడా చదవండి!

మొదటి సంచికకు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే, మీ ఊళ్లో అందరికంటే పెద్దవారి దగ్గరికి వెళ్లండి. “తాతా, నీ చేతికి మాత్రమే తెలిసిన పని ఏమిటి?” అని అడగండి. ఆయన ముందు నవ్వుతారు, ఏముందిలే అంటారు. కొంచెం ఓపిక పట్టండి. ఆయన చెప్పటం మొదలుపెట్టే లోపలే, అనుమతి తీసుకొని, ఎర్ర బటను నొక్కండి.